నిండుకున్నాయి

ఫిబ్రవరి 4, 1946

ఈ రోజు తిరిగిన ఇళ్లలో కొన్నింట మజ్జిగ, కొన్నింట తిట్లు. తేరు వీధి మొదటింట్లో రెండూ. తిట్టినామె తప్పేం లేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా ముక్కూ మొహం తెలియని ఆడది సంచి తగిలించుకుని వచ్చి, నెలకు చింతపండు ఎంత, కిరసనాయిలు ఎంత, వక్కాకుకు ఎంత అని అడిగితే నేనైనా చీపురు తీసేదాన్ని.

"రేషను కోసేదానికి వచ్చినావా?"

కాదమ్మా, ధరల లెక్కకు.

"ధర నన్నడిగితే? కొట్లో శెట్టిని అడుగు పో."

తర్వాత చెంబుతో మజ్జిగ తెచ్చి, నా మెడలో తాళి చూసి, "మీ ఆయన ఏం చేస్తాడు?" అంది. అందరూ అడుగుతారు. నేను వాళ్లను వంద అడుగుతాను, వాళ్లు నన్ను అడిగేది ఇదొక్కటే. మిలిటరీలో లారీ డ్రైవరు, మలయాలో ఉండారు అంటాను. పోయినారు అనను. ఆ మాట మా ఇంట్లో వాడం.

యుద్ధం అయిపోయింది కదా అన్నట్టు చూసింది. అయిపోయింది. నాకూ తెలుసు.

ఫిబ్రవరి 6

శేషాద్రిగారు సత్రం వరండాలో కూర్చోబెట్టి మళ్లీ చెప్పారు. మద్రాసు ఆఫీసు నుంచి వచ్చిన సూపర్‌వైజరు ఆయన. అరవం ఇంటి మాట, తెలుగు పుస్తకం మాట. ఆడవాళ్లయితే వంటింటి దాకా రానిస్తారని, నాలుగు అక్షరాలు వచ్చని నన్ను తీసుకున్నది ఆయనే.

"అన్ని ధరలూ పెరిగినవని చెప్పుటకు మనము అక్కరలేదమ్మా, కాకి కూడా చెప్పును. ఉప్పు ధర రెట్టింపు అయితే ఒక కష్టము. బియ్యము ధర రెట్టింపు అయితే వేరే కష్టము. ఒక్కొక్క వస్తువుకు ఇంటిలో ఎంత బరువు? అది తెలియవలెను."

బరువంటే, ఇంట్లో ఖర్చయ్యే రూపాయిలో దానికెంత పోతుందో అది. యుద్ధానికి ముందు కట్టిన బరువులు ఇప్పుడు పనికిరావట. అప్పటి బతుకు వేరు, ఇప్పటి బతుకు వేరు. కొత్త బరువులు కడితేనే కూలివాళ్లకు, గుమాస్తాలకు కరువు భత్యం సరిగ్గా వస్తుందట.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. తిరుచానూరు పూలకొట్టుకు కనకాంబరాలు కడుతోంది, తల ఎత్తలేదు.

"బరువు ఎంతని ఊరంతా తిరిగి అడగల్నా? మోసేటోళ్ల మెడ సూస్తే తెలీదా?"

ఫిబ్రవరి 9

పాత జాబితా సరిచేయడం. కొత్తగా కొనేవి చేర్చడం, ఇప్పుడు దొరకనివి కొట్టేయడం. శేషాద్రిగారు చదువుతుంటే నేను గీత గీస్తున్నాను.

రంగూను బియ్యం... దొరకదు, కొట్టేయండి.

సింగపూరు వక్క... కొట్టేయండి.

జపాను సిల్కు... కొట్టేయండి.

ఆ దిక్కు నుంచి ఓడలో రావలసినవన్నీ ఒక్కొక్కటే నా చేత్తోనే కొట్టించారు. ఆయనకేం తెలుసు పాపం. కళ్లజోడు సవరించుకుని "తరువాత?" అన్నారు.

తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. రంగూను బియ్యం కోసం ఏడ్చే ఆడదాన్ని ఈ ఊరు ఇంతకు ముందు చూసి ఉండదు.

ఫిబ్రవరి 13

అత్త కుండ సంగతి ఇంతవరకూ రాయలేదు.

పొద్దున బియ్యం చేటలో పోసుకుని, చెరిగి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న పెద్ద కుండలో వేస్తుంది. "నా బిడ్డ వంతు." ఆయన ఓడ ఎక్కిన రోజు నుంచీ. రేషను వచ్చాక పిడికెడు కాస్తా చిటికెడైంది, అయినా తప్పలేదు. కుండ నిండితే నెత్తిన పెట్టుకుని అలిపిరి నుంచి నడిచి కొండకు పోయి స్వామికి ఇస్తానని మొక్కు. కుండ నిండేలోపు కొడుకు రాకపోతాడా అని.

మరి చిన్న కుండ పెట్టకపోయావా అత్తా అని ఒకసారి అడిగాను.

"సిన్నదైతే బిన్నా నిండిపోతాది మే. వాడొచ్చేదానికి పొద్దు వద్దా?"

ఆ కుండ మూత ఆమె తప్ప ఎవరూ తీయకూడదు. చూస్తే తరుగుతుందట, కొలిస్తే ఇంకా తరుగుతుందట. ఊరందరి డబ్బాల్లోకీ తొంగిచూసే నేను నా ఇంటి కుండలోకి చూసింది లేదు. ఎంత నిండిందో తెలియదు. సగమో, ముప్పాతికో. తెలుసుకోవాలని లేదు కూడా.

ఫిబ్రవరి 18

రైలు స్టేషను వెనక మునెమ్మ ఇల్లు. మొగుడు జట్కా తోలతాడు. గుర్రానికి గడ్డి ముందు, మనుషులకు సంగటి తర్వాత.

"ఇంట్లో నిల్వ" అని ఒక గడి ఉంది. బియ్యం ఎంత ఉంది మునెమ్మా అన్నాను. డబ్బా మూత తీసి వంచి చూపించింది. అడుగున ఒక చీమ.

"నిండుకున్నాయమ్మా."

నిండుకున్నవి అని రాసుకున్నాను. పప్పు? నిండుకునింది. నూనె? నిండుకునింది. ఉప్పు మాత్రం ఉండాది అని నవ్వింది. "ఉప్పు గూడా నిండుకునుంటే నీ మజ్జిగలో ఏమేసిద్దును?"

ఈ వారం తిరిగిన ఇళ్లలో సగానికి సగం ఇదే మాట. గడి నిండా నిండుకున్నవి, నిండుకున్నవి. గడప మీద కూర్చుని, వాళ్ల మజ్జిగ తాగుతూ, ఆ ఇంటికి "లేదు" అని రాయడానికి చెయ్యి రాదు. చిన్నప్పుడు బియ్యం లేవు అన్నందుకు మా అమ్మ మూతి మీద కొట్టింది. లేదంటే లేకుండానే పోతుందట, లక్ష్మీదేవి వింటూ ఉంటుందట. అందుకని అయిపోయినదాన్ని నిండినట్టు చెప్పుకుంటాం. ఆ తల్లేం చెవిటిది కాదు. తెలిసీ ఊరుకుంటుంది, అంతే.

ఫిబ్రవరి 22

నీళ్లు పోసుకుంటుంటే పసుపు తాడు తెగింది... కాదు, అలా అనకూడదు. పెరిగింది.

అత్త చూసింది. కడుతున్న పూలు అక్కడే పడేసి, నూలు పేని, పసుపు రాసింది. ముత్తైదువను పిలిచి కట్టించాలి. ఎవరినీ పిలవలేదు. ఎదురింటామెను పిలిస్తే వస్తుంది, కట్టేటప్పుడు ఒక చూపు చూస్తుంది. ఇంకా ఎందుకు అని.

"తూరుపుకు తిరిగి కూసో."

అత్తే కట్టింది. తన మెడలో తాడు తీసేసి ఎన్నేళ్లయిందో. ముడి రెండుసార్లు జారిపోయింది. ఆమె నన్ను చూడలేదు, నేను ఆమెను చూడలేదు. శాస్త్రం ఒప్పుకోదు. శాస్త్రం వచ్చి మా ఇంట్లో రెండు రోజులు ఉంటే ఒప్పుకునేది.

పసుపు తాడు మా జాబితాలో లేదు. అడిగితే శేషాద్రిగారు "ఇతరములు" లో వేయమంటారు.

ఫిబ్రవరి 27

లెక్కకు ఎంచిన ఇళ్లలో మా ఇల్లు పడింది. సొంత ఇంటిది రాయకూడదని శేషాద్రిగారే వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చాప మీద కూర్చుని, కలం మూత తీశారు.

"ఇంటిలో ఎంతమంది, అవ్వా?"

"ముగ్గురం."

ఆయన నా వైపు చూశారు. నేను చూరు వైపు చూశాను.

"నేను, కోడలు, నా కొడుకు చెంగయ్య. రాసుకో."

"ఒక పొయ్యి మీద వండుకుని తినేవారినే వ్రాయవలెను, అవ్వా. వారు ఇప్పుడు..."

"వాడికీ ఈ పొయ్యికాడే. నేను వాడి వంతు తియ్యకుండా ఎసట్లో బియ్యం పోసినేది లేదు. అదిగో కుండ."

శేషాద్రిగారు కుండను చూశారు. ఆ చిటికెడు తిన్నదాంట్లోనా, మిగిలినదాంట్లోనా, ఏ గడిలో రాయాలో ఆయన చదువుకు అందలేదు. అత్త వేడి వేడి సంగటి, రోట్లో నూరిన కారం ఊరుబిండి పెట్టింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా మొత్తం తిన్నారు.

వెళ్లేటప్పుడు వీధి మలుపు దాకా వచ్చి, మా ఆయన మలయా సంగతి చెప్పాను. నాకు తెలియదమ్మా, అన్నారు. రంగూను బియ్యం రోజు మీకు తలనొప్పి... నాకు తెలియదమ్మా.

ముగ్గురని రాసుకున్నారో ఇద్దరనో నేను అడగలేదు.

మార్చి 3

"దీపం కొండెక్కింది మే," అంది అత్త వత్తి సర్దుతూ.

ఈ ఊళ్లో కొండెక్కిన మనుషులందరూ దిగొస్తారు. దీపాలే రావు.

మార్చి 8

చిత్తూరు నుంచి నాయన వచ్చాడు. సంచి నిండా చెనక్కాయలు, అమ్మ చేసిన చింతకాయ తొక్కు. అత్తతో మర్యాదలన్నీ అయ్యాక నన్ను వసారాలోకి పిలిచాడు. చెనక్కాయ ఒలుస్తూ మాట్లాడాడు, నా మొహం చూడకుండా.

"ఎన్నాళ్లని ఇట్ల, అమ్మణ్ణీ? మలయా నుంచి వచ్చేటోళ్లు వచ్చినారు. రానోళ్ల ఇండ్లలో చేసేదేందో చేసుకున్నారు. నీ ఈడు పిల్ల ఇంటింటికీ సంచి ఏసుకుని తిరగతా ఉంటే..."

నేను పొట్టు ఏరి పక్కన పెడుతున్నాను.

"ఉండాడా, లేడా? రెండిట్లో ఒక మాట అను. లేడనుకుంటే ఇంటికి పిలుచుకుపోతా. అమ్మకాడ ఉందువు. ఉండాడంటావా, నోరు మూసుకుంటా. ఊరికే ఉండొద్దు. సూడలేకుండా ఉండాను."

ఒలిచిన గింజలన్నీ నా చేతిలో పోశాడు. చిన్నప్పుడు పోసినట్టే. తినలేకపోయాను, కొంగున ముడేసుకున్నాను.

ఉన్నాడు అని ఎలా అంటాను? ఇన్నేళ్లలో ఒక్క కార్డు ముక్క లేదు. లేడు అని ఎలా అంటాను?

నాయన మధ్యాహ్నం రైలుకు వెళ్లాడు. అత్త లోపల్నుంచి అంతా వింది. పూలు కట్టుకుంటూనే ఉంది.

మార్చి 15

శేషాద్రిగారు మద్రాసు వెళ్లి తిరిగొచ్చారు. మొహం చిన్నబోయి ఉంది. నా కాగితాల కట్ట ముందు పెట్టారు. ఎర్ర సిరా గీతలు.

"తిరుపతిలో పేదవారి ఇళ్లలో బియ్యము నిండుగా ఉన్నదని మీరు వ్రాసితిరట."

నేనా?

"నిండుకున్నవి అనగా నిండుగా ఉన్నవి అని అచ్చట లెక్క వేసికొనిరి. ఇంత నిల్వ ఉన్నచో బియ్యమునకు బరువు తగ్గించవచ్చును అనుచున్నారు."

ముందు నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది. మునెమ్మ డబ్బాలో చీమ మద్రాసు చేరేసరికి బస్తా అయి కూర్చుంది. ఆ బస్తాను చూసి, వీళ్లకు కూడు కొదవ లేదని, బియ్యానికి బరువు తగ్గించి, ఇలాంటి వాళ్లందరి భత్యం తగ్గిస్తారు. తప్పు నాదే. లేదు అని రాయడానికి చెయ్యి రాక, వాళ్లన్నది వాళ్లన్నట్టే దింపేశాను.

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "మా ఇంటిలో కూడా బయలుదేరువాడు పోతాను అనడు. పోయి వస్తాను అనును. నాకు అర్థమైనది. కాని ఆఫీసుకు శకునము లేదమ్మా. వారికి ఉన్నదా, లేదా, రెండే మాటలు."

నాయన చెప్పి పంపినట్టే ఉంది.

అన్ని ఇళ్లకూ మళ్లీ వెళ్లాలి. ఈసారి ఆ మాట వాళ్ల నోట విని, విన్నట్టు రాసుకుని రావాలి.

అదే రోజు

పోయి వస్తాను అనగానే గుర్తొచ్చింది. గుర్తు రావడమేంటి, ఎప్పుడు మరిచాను కనక.

రేణిగుంట స్టేషను. ఆయన కిటికీలోంచి చెయ్యి చాచారు. నేను కట్టిచ్చిన సంగటి ముద్ద మూట ఒళ్లో. "కారం చాలకపోతే నిన్నే పిలుస్తా" అని నవ్వు. ఇంజను కూత. ఏదో అన్నారు. పెదవులు కదిలాయి. పొయ్యొస్తా అన్నారా, పోతా అన్నారా... కూతలో సగమే వినపడింది. మిగతా సగం కోసం ఇన్నేళ్లుగా చెవి రిక్కించుకుని ఉన్నాను.

మనిషి కావాలి నాకు. ఉన్నదా లేదా కాదు. మనిషి కావాలి.

మార్చి 18

మునెమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"అట్ల అంటే ఇట్లనుకున్నారా? వాళ్లింట్లో ఆడోళ్లు లేరా?"

ఉన్నారు, అరవంలో అంటారు. ఇప్పుడు నువ్వు ఒక్కసారి లేవు అను మునెమ్మా, రాసుకుని పోతాను.

నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దీపాలు పెట్టే ఇంట్లో నా నోట ఆ మాట పలికిస్తావా? నువ్వే రాసుకో, అమ్మా. నువ్వు రాస్తే నేను అననట్టే."

నీ నోట వినాలన్నారు.

"ఐతే నా మజ్జిగ మళ్లా తాగొద్దు," అంది. అంటూనే చెంబు చేతికిచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బతిమాలడం ఇంత చేదని తెలియదు.

మార్చి 21

ఒకామె వీధిలోకి వచ్చి చెప్పింది, ఇంట్లో అయితే అననని. ఒకామె మొగుడి చేత చెప్పించింది. ఒక ముసలామె ఖాళీ కుండ నా ముందు బోర్లించి లోపలికెళ్లి తలుపు వేసుకుంది. నోరు తెరిచి అన్నది ఒక్క కొత్త కోడలు. "లేవు" అని ఠక్కున అంది. వెనక నుంచి వాళ్లత్త జుట్టు పట్టుకుంది. ఆ పిల్ల కోసం గడప దాటి వెళ్లి కొట్లాడాను. అక్కడ నాకు మజ్జిగ లేదు.

మార్చి 23

ఇవాళంతా రాత. ఎవరు ఎలా చెప్పినా గడిలో మాత్రం ఒకటే. బియ్యం లేదు. పప్పు లేదు. లేదు. లేదు. లేదు.

సాయంత్రానికి చెయ్యి దానంతట అదే రాస్తోంది. అది చూసి భయమేసింది. ఇన్నిసార్లు రాశాక ఒక అక్షరం మారిస్తే చాలు, నాయన అడిగిన ఆ రెండో మాట కూడా వచ్చేస్తుంది. కలం కింద పెట్టి చెయ్యి కడుక్కున్నాను.

మార్చి 26

నాయన మళ్లీ వచ్చాడు. కూర్చోలేదు.

"రేణిగుంటలో ఒకాయన మలయా నుంచి దిగినాడంట. మన చెంగయ్య లారీల జట్టులోనే ఉన్నాడంట. రా అమ్మణ్ణీ, పొయ్యి అడిగొస్తాము."

వద్దు నాయనా.

"అడిగితే పోయిందేముంది?"

అడిగితే చెప్తాడు. అదే పోయేది. నాయనకు ఆ మాట చెప్పలేదు, తల అడ్డంగా ఊపాను. "నీ ఇష్టం" అని, అత్తకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఈసారి చెనక్కాయలు తేలేదు.

మార్చి 30

నేను పని నుంచి వచ్చేసరికి ఇంట్లో అత్త లేదు. ఎదురింటామెను అడిగితే పొద్దున్నే రేణిగుంట రైలెక్కిందంది.

చీకటి పడకముందే వచ్చింది. పాదాలు దుమ్ము. చేతిలో మునక్కాయల కట్ట, సంతకు పోయి వచ్చినట్టు.

"అంత దూరం మునక్కాయలకా అత్తా?"

"ఈడ ధరలు కొండెక్కి కూసున్నాయి గదా. ఆడైతే సవక."

కాళ్లు కడుక్కుంది. పులుసు చేసింది. బాగా కుదిరింది, ఇద్దరం తిన్నాం. నేను ఇంటింటికీ తిరిగి అడిగేదాన్ని. అడగడానికే నాకు జీతం. నా ఇంట్లో, ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతున్న మనిషిని ఒక్క మాట అడగలేకపోయాను.

ఆమె కూడా చెప్పలేదు. చెప్పడానికేం లేక చెప్పలేదేమో. ఆ మనిషి దొరకలేదేమో.

ఏప్రిల్ 1

పొద్దున నేను లేచేసరికే అన్నం ఉడుకుతోంది. వంతు తీసిందో లేదో చూడలేదు.

ఏప్రిల్ 2

ఇవాళ కూడా.

ఏప్రిల్ 3, ఉగాది

వ్యయ నామ సంవత్సరం. ఇంటి ఖర్చుల లెక్కకు పేరు బాగా కుదిరిందని శేషాద్రిగారికి చెప్పాలి, నవ్వుతారు.

గోవిందరాజుల గుడి మంటపంలో పంచాంగం వినడానికి వెళ్లాం. అయ్యవారు ఒక్కొక్క రాశికీ ఆదాయం ఎంత, వ్యయం ఎంత చదివారు. ప్రతి ఏడూ చదవడం అయ్యాక అత్త జనాన్ని తోసుకుని ముందుకెళ్లి ముగ్గురివీ మళ్లీ చదివించుకుంటుంది. తనది ముందు, నాది తర్వాత, కొడుకుది చివర. కొడుకుది రెండుసార్లు. ఆయనకు వ్యయం ఎక్కువ పడితే అయ్యవారితో తగువు కూడా. "ఇంగోసారి సూడు సామీ, సరింగా సూడు."

ఈసారీ వెళ్లింది. తనది అడిగింది. నాది అడిగింది. అయ్యవారికి అలవాటే కదా, "చెంగయ్యది వృషభం గదమ్మా," అని పుస్తకం తిప్పబోయారు.

"సాల్లే సామీ," అంది అత్త.

దక్షిణ పెట్టి వచ్చేసింది. దారిలో నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోదు. వేపపువ్వు పచ్చడి చేదు ఇంకా నాలుక మీదే ఉంది.

మోకాళ్లు నొప్పి అని తొందరగా వచ్చేసిందేమో. జనం ఎక్కువగా ఉన్నారు.

ఏప్రిల్ 5

శేషాద్రిగారు మద్రాసు బయలుదేరారు. దిద్దిన కాగితాలు తీసుకెళ్తున్నారు. బియ్యం బరువు తగ్గదు, ఈసారి గట్టిగా చెప్తానన్నారు. మునెమ్మ పేరు గుర్తుపెట్టుకున్నారు. జట్కా ఎక్కుతూ ఆగి,

"మీ ఇంటి కాగితమును నేను దిద్దలేదమ్మా. ముగ్గురు అనియే వ్రాసితిని. అట్లే ఉండనీ."

మొహం తిప్పుకున్నాను. వీధిలో ఏడవకూడదని.

"పోయి వచ్చెదను," అన్నారు. పూర్తిగా, స్పష్టంగా. జట్కా కదలకముందే అన్నారు.

ఏప్రిల్ 7

పూల బుట్ట తిరుచానూరు పంపించి వచ్చి అత్త గడప మీద కూర్చుంది. నేను చీర ఆరేస్తున్నాను. చాలాసేపటి నుంచి నా వీపునే చూస్తున్నట్టు అనిపించింది.

"మే."

ఏమత్తా?

"వాడి కుండ నిండుకునింది."

చీర చేతిలోనే ఉండిపోయింది. వెనక్కి తిరగలేదు.

నిండింది అంటే కుండ నిండడం. అంటే మొక్కు తీర్చే పొద్దు వచ్చింది, నెత్తిన పెట్టుకుని కొండకు పోవాలి. నిండుకుంది అంటే... ఈ రెండింటికీ తేడా మద్రాసు వాళ్లకు తెలియదు. నెలంతా దాని కోసమే తిరిగాను, శేషాద్రిగారికి పాఠం చెప్పాను, ఇంటింటా తిట్లు తిన్నాను. ఆ మాట నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు.

అత్త నిండింది అనలేదు.

ఆమె లోపలికి వెళ్లాక కుండ దగ్గర కూర్చున్నాను. మూత మీద చెయ్యి పెట్టాను. తీస్తే తెలుస్తుంది. నిండా బియ్యం ఉంటే ఆ మాట బియ్యానికి అన్నది కాదు. ఖాళీగా ఉంటే ఈ కరువులో నా కంచంలోకి రోజూ వచ్చింది ఆయన వంతే. రెండింట్లో ఏది ఉన్నా నాకొద్దు.

మూత తీయలేదు.

నిండింది అనబోయి అలా అందేమో. వయసైంది, ఈ మధ్య మాట తడబడుతోంది. నిన్న నన్ను పిలవబోయి ఎదురింటామె పేరు పిలిచింది. తడబడే ఉంటుంది. మద్రాసు వాళ్లు అర్థం చేసుకున్నట్టే, ఒక్కసారికి, ఆ మాటకు ఆ అర్థమే ఉండకూడదా?

ఏప్రిల్ 8

తెల్లవారింది. అత్త బియ్యం చేటలో పోసుకుంది.

నేను గోడ వైపు తిరిగి కూర్చుని ఇది రాస్తున్నాను. చెరుగుతున్న చప్పుడు. రాళ్లు ఏరి పడేస్తున్న చప్పుడు. ఇప్పుడు ఆగింది. వంతు తీసేది ఇప్పుడే.

తల ఎత్తను.